శిలాస్తంభాలపై బౌద్ధ చరిత్ర.. కీసరగుట్ట నుంచి ఫణిగిరి దాకా

కొంపల్లి: హైదరాబాద్ ఉత్తర శివార్లలోని కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు కొత్త కాలనీలతో, విద్యాసంస్థలతో ఏటికేడు విస్తరిస్తున్నాయి. నిన్నటి వరకు పొలాలుగా, గుట్టలుగా ఉన్న నేలలో నేడు పునాదులు తవ్వుతున్నారు. ఈ నేలకు పదిహేను శతాబ్దాలకు పైబడిన లిఖిత చరిత్ర ఉంది. కృష్ణా, మూసీ, గోదావరి లోయల్లో బౌద్ధ ధర్మం వర్ధిల్లిన కాలంలో దాతలు తమ పేర్లను, ఊర్లను, వృత్తులను రాతి స్తంభాలపై చెక్కించి పోయారు. రాజుల వంశావళి మొదలుకొని శిల్పులు, ఉపాసికలు, వైద్యుల వివరాల వరకు మనకు తెలిసింది ఎక్కువగా ఈ రాళ్ల వల్లనే. అక్షరాలున్న ఒక్క రాయి పగిలిపోతే అందులోని మనుషులు చరిత్ర నుంచి శాశ్వతంగా తొలగిపోతారు. కనుక ఈ శాసన స్తంభాలు ఏమిటి, ఎక్కడెక్కడ లభించాయి, వాటిని గుర్తించడం ఎలా, కనిపిస్తే ఏం చేయాలి అన్న విషయాలు జిల్లా ప్రజలు తెలుసుకోవడం అవసరం.

మన పరిసరాల్లో తొలి అక్షరాలు

కొంపల్లికి తూర్పున, శామీర్‌పేటకు ఆగ్నేయంగా ఉన్న కీసరగుట్ట రామలింగేశ్వరాలయంతో ప్రసిద్ధి చెందింది. పురావస్తు శాఖ ఇక్కడ జరిపిన తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలం నాటి కోటగోడ, ఇటుక కట్టడాలు, ఆలయాల పునాదులు బయల్పడ్డాయి. గుట్ట మీది ఒక బండపై ‘తొలుచువాండ్రు’ అన్న పదం చెక్కి ఉంది. రాతిని తొలిచేవారు అని దీని అర్థం. సుమారు 5వ శతాబ్దికి చెందిన ఈ చిన్న శాసనాన్ని తెలంగాణలో లభించిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటిగా పండితులు పరిగణిస్తున్నారు. ఇందులో రాజు పేరు లేదు, దేవుని పేరూ లేదు. రాతి పనివారు తమ వృత్తిని తమ భాషలోనే రాసుకున్నారు.

కీసరగుట్టపై ప్రధానంగా కనిపించేవి శైవ కట్టడాలు. అదే విష్ణుకుండినుల కాలపు బౌద్ధ ఆధారం హైదరాబాద్ నగరంలోనే లభించింది. మూసీ ఒడ్డున చైతన్యపురి ప్రాంతంలో నరసింహస్వామి వెలసిన గుట్ట మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం ఉంది. 5వ శతాబ్దికి చెందిన ఈ శాసనం గోవిందరాజ విహారాన్ని, పిండపాతిక భిక్షువులను పేర్కొంటోంది. భిక్షాపాత్రలో పడిన ఆహారంతోనే జీవించే నియమం పాటించిన భిక్షువులను పిండపాతికులు అంటారు. విహారం పేరులోని గోవిందరాజు విష్ణుకుండిన గోవిందవర్మ అని చరిత్రకారుల అభిప్రాయం. నగర పరిధిలో లభించిన శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా దీనిని పేర్కొంటారు.

యాదాద్రి భువనగిరి జిల్లా రామన్నపేట సమీపంలోని తుమ్మలగూడెంలో లభించిన రాగిరేకులు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేశాయి. దీని ప్రాచీన నామం ఇంద్రపాలనగరం. గోవిందవర్మ బౌద్ధ విహారానికి గ్రామాలను దానం చేసినట్లు ఒక శాసనం చెబుతోంది. విక్రమేంద్ర భట్టారకవర్మ వేయించిన మరో శాసనంలో శక సంవత్సరం 488 అని స్పష్టంగా ఉంది. అది క్రీ.శ. 566కు సమానం. విష్ణుకుండినుల కాలనిర్ణయానికి ఈ తేదీ ప్రధాన ఆధారమైంది. అదే వంశానికి చెందిన మాధవవర్మ 11 అశ్వమేధాలు చేసినట్లు శాసనాలు చెబుతున్నాయి. ఒకే రాజవంశంలో యజ్ఞాలు చేసినవారు, విహారాలు కట్టించినవారు ఉండటం ఆనాటి మత సామరస్యానికి నిదర్శనం.

స్తంభం ఎందుకు నిలిపారు?

బౌద్ధ క్షేత్రాలలో కనిపించే శాసన స్తంభాలు అన్నీ ఒకే రకమైనవి కావు. వాటిలో ప్రధానమైనవి ఆయక స్తంభాలు. ఆంధ్ర ప్రాంతపు మహాస్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొని వచ్చిన అరుగులు ఉంటాయి. వీటిని ఆయక వేదికలు అంటారు. ఒక్కో వేదికపై వరుసగా ఐదు స్తంభాలు నిలిపేవారు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు ఇవి సంకేతాలని పండితులు వివరిస్తారు. కృష్ణా లోయ స్తూపాలకు ప్రత్యేకమైన ఈ ఏర్పాటు సాంచీ స్తూపంలో కనిపించదు.

రెండో రకం ధర్మచక్ర స్తంభాలు. పైభాగాన చక్రాన్ని నిలిపిన ఈ స్తంభాలను విహారాల ద్వారాల వద్ద ప్రతిష్ఠించేవారు. మూడో రకం మండప స్తంభాలు. భిక్షువులు సమావేశమయ్యే మండపాల పైకప్పును మోసిన ఈ స్తంభాలపై దాతల పేర్లు కనిపిస్తాయి. స్తూపం చుట్టూ ఉండే ప్రాకారపు స్తంభాలు నాలుగో రకం. ఒక్కో స్తంభాన్ని ఒక్కో కుటుంబం చేయించి, దానిపై తమ పేరు వేయించుకోవడం అమరావతిలో విరివిగా కనిపిస్తుంది. గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, చర్మకారులు కూడా ఈ దాతలలో ఉన్నారు.

శాసనాల్లో స్తంభాన్ని ‘ఖంభ’ అని వ్యవహరించారు. ఈ ప్రాకృత పదానికి మన ‘కంబం’ దగ్గరి చుట్టం. ఖమ్మం పట్టణానికి ఆ పేరు స్తంభాద్రి, కంభంమెట్టు అనే మాటల నుంచి వచ్చిందన్న వ్యుత్పత్తి ప్రచారంలో ఉంది.

జగ్గయ్యపేట: ఒక శిల్పి దానం

కృష్ణా తీర ప్రాంతంలోని జగ్గయ్యపేట ప్రస్తుతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఇక్కడి ధనబోడు గుట్టపై ఉన్న స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించారు. తూర్పు ద్వారం వద్ద నిలిపిన ఆయక స్తంభాలపై ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరానికి చెందిన శాసనాలు లభించాయి. వాటిని వేయించిన వ్యక్తి సిద్ధార్థుడు. అతడు రాజు కాడు, సామంతుడూ కాడు. నాగచంద్రుని కుమారుడైన ఒక శిల్పి. కమ్మక రాష్ట్రంలోని నడతూరుకు చెందిన ఇతడు స్వగ్రామం విడిచి వేరొక చోట స్థిరపడినట్లు, వేలగిరిపై ఉన్న మహాచైత్యానికి ఐదు ఆయక స్తంభాలను సమర్పించినట్లు ఆ శాసనం తెలుపుతోంది.

ఈ చిన్న శాసనం ద్వారా లభించిన సమాచారం తక్కువేమీ కాదు. జగ్గయ్యపేట గుట్ట ప్రాచీన నామం, నాటి పరిపాలనా విభాగం పేరు, రాజు పాలనా కాలం, పనివారి వలస, చేతి వృత్తుల వారి ఆర్థిక స్తోమత అన్నీ అందులో ఉన్నాయి. జగ్గయ్యపేట శిలలు అనంతర కాలంలో మద్రాసు మ్యూజియానికి చేరాయి. చక్రవర్తి మాంధాత శిల్పఫలకంగా ప్రసిద్ధి చెందిన రాయి కూడా ఈ స్తూపానిదే.

విజయపురి: అంతఃపుర స్త్రీల స్తంభాలు

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నేటి నాగార్జునకొండ లోయ. 1926లో ఈ స్థలం పురావస్తు శాఖ దృష్టికి వచ్చింది. 1927 నుంచి 1931 వరకు ఎ.హెచ్.లాంగ్‌హర్స్ట్, 1938 నుంచి 1940 వరకు టి.ఎన్.రామచంద్రన్, 1954 నుంచి 1960 వరకు ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. ఇక్కడి మహాచైత్యాన్ని వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో రాజు మేనత్త చాంతిసిరి పూర్తి చేయించారు. ఆమె సోదరుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదిక మతాభిమాని. రాజులు యజ్ఞాలు చేస్తుండగా రాజకుటుంబపు స్త్రీలు స్తూపాలకు, విహారాలకు ధనం సమకూర్చారు.

మహాచైత్యపు ఆయక స్తంభాలపై చాంతిసిరితో పాటు అడవి చాంతిసిరి, బాపిసిరిణిక వంటి రాజకుటుంబ స్త్రీల పేర్లున్నాయి. ఉజ్జయిని రాజకుమార్తె రుద్రధర భట్టారిక సైతం స్తంభాన్ని, 170 దీనారి మాషకాలను సమర్పించారు. ఉజ్జయినికి, కృష్ణా లోయకు మధ్య ఉన్న వైవాహిక సంబంధానికి ఆ స్తంభమే సాక్ష్యం.

రాజకుటుంబంతో సంబంధం లేని బోధిసిరి అనే ఉపాసిక 14వ పాలనా సంవత్సరంలో చుళధమ్మగిరిపై చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, తామ్రపర్ణి తదితర దేశాల ప్రస్తావన ఉంది. తామ్రపర్ణి అంటే నేటి శ్రీలంక. కృష్ణా తీరపు ఒక విహారానికి ఎంత విశాల ప్రపంచంతో పరిచయం ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

విజయపురిలో ఛాయాస్తంభాలు అనే మరో రకం కూడా ఉన్నాయి. ఇవి మరణించిన వారి స్మృత్యర్థం నిలిపినవి. చాంతమూల మహారాజు స్మారకంగా ఆయన తల్లి, సోదరీమణులు, భార్యలు నిలిపిన స్తంభం వీటిలో ప్రసిద్ధమైనది. బౌద్ధ క్షేత్రంలో లభించిన ప్రతి శాసన స్తంభమూ బౌద్ధ దానశాసనం కాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోనుండటంతో ప్రధాన కట్టడాలను కొండపైకి, అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించారు. 1966లో ద్వీప మ్యూజియం ప్రారంభమైంది. శాసన స్తంభాలు నీటిపాలు కాకుండా దక్కింది ఈ తరలింపు వల్లనే.

ఫణిగిరి: వైద్యుని ధర్మచక్రం

తెలంగాణలో శాసన స్తంభాల రీత్యా అత్యంత విలువైన క్షేత్రం సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి. బిక్కేరు వాగు సమీపంలో పడగ విప్పిన పాములా కనిపించే గుట్ట వల్ల ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. నిజాం పాలనలో 1940వ దశకంలోనే ఇక్కడ పరిశోధన మొదలైంది. 2001 తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, స్తంభ మండపాలు, బుద్ధుని జీవిత ఘట్టాలు చెక్కిన తోరణ భాగాలు వెలుగుచూశాయి.

వీటిలో శాసన పండితులను ఎక్కువగా ఆకర్షించింది ఇక్ష్వాకు వంశపు చివరి పాలకులలో ఒకడైన రుద్రపురుషదత్తుని కాలపు స్తంభ శాసనం. రాజుగారి ప్రధాన వైద్యుడు ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించిన సందర్భంగా దీనిని వేయించాడు. దాత పేరు, తేదీలతో సరిపెట్టకుండా బుద్ధుని స్తుతించే సంస్కృత పద్యాలను ఇందులో చెక్కించాడు. జర్మన్ పండితుడు ఆస్కార్ వాన్ హిన్యూబర్, పీటర్ స్కిలింగ్ దీనిని పరిష్కరించి 2011లో ప్రకటించారు. అప్పటివరకు రుద్రపురుషదత్తుని అధికారం కృష్ణా తీరానికే పరిమితమైందని భావించే అవకాశం ఉండేది. మూసీ ఉపనది ప్రాంతంలో లభించిన ఈ శాసనం ఆ పరిధిని ఉత్తరానికి విస్తరింపజేసింది.

2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలి భారతీయ బౌద్ధ కళా ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలకు చోటు లభించింది. 2024లో ఇదే గుట్టపై తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం ఉన్న ఈ నాణేలు ఇక్ష్వాకుల కాలానివి.

ఫణిగిరితో పాటు పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట స్తూపం కూడా చూడదగినది. ముచిలింద నాగుని చెక్కిన అక్కడి సున్నపురాతి ఫలకాలు శాతవాహన కాలపు కళకు మచ్చుతునకలు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో, ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో సైతం బౌద్ధ కట్టడాల శిథిలాలు లభించాయి.

రాతిని చదవడం ఎలా?

బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ పూర్తిగా చదవగలిగారు. అంతకుముందు ఈ అక్షరాలు ఎవరికీ కొరుకుడుపడలేదు. మన తెలుగు లిపి కూడా బ్రాహ్మీ నుంచే క్రమంగా రూపుదిద్దుకుంది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలులో వెలికితీసిన ధాతు కరండాలపై ఉన్న లిపి ఈ పరిణామంలో ముఖ్యమైన మెట్టు. ఇక్ష్వాకుల కాలానికి వచ్చేసరికి అక్షరాల నిలువు గీతలు పొడవుగా సాగి, కొనలు వంపు తిరిగి అలంకారప్రాయంగా మారాయి. అనుభవజ్ఞులు ఈ వంపులను చూసే శతాబ్దాన్ని అంచనా వేస్తారు.

శాసనాలు సాధారణంగా ‘సిద్ధం’ అన్న మంగళ వాచకంతో ఆరంభమవుతాయి. ఆపై బుద్ధునికి నమస్కారం, రాజు పేరు, పాలనా సంవత్సరం, దాత వివరాలు, దానం, ఉద్దేశం వరుసగా వస్తాయి. అప్పటికి శక సంవత్సరం వాడుక ఈ ప్రాంతంలో స్థిరపడలేదు. ఏడాదిని గ్రీష్మం, వర్షం, హేమంతం అనే మూడు రుతువులుగా విభజించి, ఒక్కో రుతువుకు ఎనిమిది పక్షాలు లెక్కించేవారు. జగ్గయ్యపేట స్తంభాలపై తేదీ వర్షరుతువు 8వ పక్షం, 10వ రోజు అని ఉంది.

శాసనాన్ని భద్రపరిచేందుకు నేటికీ పాత పద్ధతినే అనుసరిస్తారు. రాతిని మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, తడిపిన కాగితాన్ని దానిపై పరుస్తారు. అక్షరాల గాళ్లలోకి కాగితం దిగేలా గట్టి బ్రష్‌తో కొడతారు. కాస్త ఆరిన తర్వాత సిరా అద్దితే నేపథ్యం నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. భారత పురావస్తు సర్వే శాసన విభాగం మైసూరులో ఇలాంటి ప్రతులను వేల సంఖ్యలో భద్రపరిచింది. రాయి పోయినా ప్రతి మిగలడం వల్ల చదవగలిగిన శాసనాలు చాలా ఉన్నాయి.

సున్నపు బట్టీల పాలైన చరిత్ర

ఈ స్తంభాలకు కాలం కంటే మనుషుల వల్లనే ఎక్కువ నష్టం జరిగింది. అమరావతిలో దీపాలదిన్నెగా పిలిచిన దిబ్బ కింద మహాచైత్యం ఉన్నట్లు 18వ శతాబ్ది చివర్లో బయటపడింది. కొత్త కట్టడాల కోసం అక్కడి రాళ్లను తరలించారు. కొన్నింటిని సున్నం కోసం కాల్చారు. కాలిన్ మెకంజీ ఆ స్థలాన్ని చూసి, అనంతరం చిత్రాలు గీయించకపోతే అనేక ఫలకాల రూపమైనా మనకు మిగిలేది కాదు. మిగిలిన శిలలు చెన్నై ఎగ్మూరు మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం, అమరావతి స్థానిక మ్యూజియంల మధ్య చెల్లాచెదురయ్యాయి. అశోకుని కాలానిదిగా భావిస్తున్న స్తంభ శకలం కూడా అమరావతిలోనే లభించింది.

గ్రామాల్లో మరో తరహా నష్టం కనిపిస్తుంది. అక్షరాలున్న రాయి గుడి మెట్టుగా, పశువుల కట్టుగొయ్యగా, చెరువు తూములో పలకగా, ఇంటి కడపగా మారుతుంది. కొన్నిచోట్ల దేవతగా భావించి ఏటా సున్నం, జాజు పూస్తారు. పూజలో తప్పులేదు గానీ, పూతలు పేరుకుపోయి అక్షరాలు మూసుకుపోతాయి. నగర శివార్లలో గుట్టలను క్వారీలకు తవ్వడం, లేఅవుట్ల కోసం పాటిగడ్డలను చదును చేయడం అదనపు ముప్పు. పాటిగడ్డ అంటే పూర్వం ఊరు ఉండి పాడుబడిన దిబ్బ. పెద్ద పరిమాణపు ఇటుకలు, నలుపు ఎరుపు కుండ పెంకులు, పూసలు పైకి తేలుతుంటే అది పురాతన నివాస స్థలమని గుర్తించాలి.

ప్రతి స్తంభమూ బౌద్ధమేనా?

కాదు. మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాల్లో ఏదైనా శాసన స్తంభం కనిపిస్తే ముందుగా కొన్ని లక్షణాలు పరిశీలించాలి.

రాయి: హైదరాబాద్ పరిసరాలన్నీ గ్రానైటు నేలలు. కృష్ణా లోయ బౌద్ధ శిల్పాలు ఎక్కువగా పల్నాటి సున్నపురాయిపై ఉంటాయి. లేత ఆకుపచ్చ లేదా తెల్లని పలకరాయి ఇక్కడ కనిపిస్తే దూరం నుంచి తెచ్చిందై ఉండాలి.

గుర్తులు: తామరపూల పతకాలు, ధర్మచక్రం, స్తూపం, త్రిరత్నం, బుద్ధపాదాలు బౌద్ధానికి సూచనలు. సూర్యచంద్రులు, శివలింగం, ఆవు దూడ బొమ్మలుంటే మధ్యయుగపు దాన శాసనం కావచ్చు. కత్తి పట్టిన వీరుడుంటే వీరగల్లు. పైకెత్తిన చేయి, గాజులు ఉంటే సతి రాయి.

లిపి: చదవగలిగిన తెలుగు అక్షరాలకు దగ్గరగా ఉంటే అది చాళుక్య, కాకతీయ లేదా అంతకు తర్వాతి కాలానిది. తెలుగు, పారశీక లిపులు కలిసి ఉంటే కుతుబ్‌షాహీల నాటిది. గీతలు, వృత్తాలు, కోణాలుగా అపరిచితంగా ఉంటే బ్రాహ్మీ అయ్యే అవకాశం ఉంది.

తుది నిర్ణయం మాత్రం శాసన పరిశోధకులదే. ఒక తామరపూవును చూసి బౌద్ధ స్తంభమని ప్రకటించడం తొందరపాటు అవుతుంది. హిందూ, జైన కట్టడాల్లోనూ తామరపూలు సాధారణం. కాకతీయుల కాలపు రాయి అయినా దాని విలువ తక్కువ కాదు. ఊరి చెరువు ఎవరు తవ్వించారో, పొలాల పన్ను ఎంతో అవే చెబుతాయి.

కనిపిస్తే ఏం చేయాలి?

రాయిని కదిలించకూడదు. అది ఉన్న చోటు, దాని చుట్టూ ఉన్న ఇటుకలు, కుండ పెంకులు కూడా సాక్ష్యాలే. అక్షరాలు స్పష్టంగా కనపడాలని సుద్ద, రంగు, నూనె పూయడం, ఉలితో గీకడం హానికరం. ఉదయం లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే లోతు తక్కువ అక్షరాలు సైతం చక్కగా కనిపిస్తాయి. ఫొటోలో కొలబద్దను పక్కన ఉంచాలి. గ్రామం పేరు, సర్వే నంబరు, సమీపంలోని చెరువు లేదా గుట్ట వివరాలు రాసుకోవాలి. అనంతరం తహసీల్దారుకు, రాష్ట్ర వారసత్వ శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

చట్టాలు కూడా ఇదే చెబుతున్నాయి. భూమిలో లభించిన నిక్షేపాలను కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేప చట్టం నిర్దేశిస్తోంది. నూరేళ్లు దాటిన శాసనాలు, శిల్పాలు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని విదేశాలకు తరలించడం నేరం. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణాలపై నిషేధం, ఆపై 200 మీటర్ల వరకు నియంత్రణ ఉంటాయని 2010 సవరణ స్పష్టం చేసింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక వారసత్వ చట్టం వచ్చింది. అయితే రక్షిత జాబితాలో లేని రాళ్లకు గ్రామస్థుల శ్రద్ధే నిజమైన రక్షణ. గ్రామ పాఠశాల ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ ఊరి శాసనాల జాబితా తయారు చేసుకుంటే ఏ రాయి ఎప్పుడు మాయమైందో తెలిసే వీలుంటుంది.

చూడాలనుకునేవారికి

శామీర్‌పేట వైపు వారికి కీసరగుట్ట అతి సమీపం. ఫణిగిరికి జనగామ-సూర్యాపేట మార్గంలో తిరుమలగిరి మీదుగా వెళ్లవచ్చు. నాగార్జునకొండ ద్వీప మ్యూజియానికి నాగార్జునసాగర్ నుంచి లాంచీలో చేరుకోవాలి. సాగర్‌లోనే 2022లో ప్రారంభమైన బుద్ధవనంలో బుద్ధుని జీవిత ఘట్టాలు, స్తూప నమూనాలు ఉన్నాయి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో బౌద్ధ శిల్పాలను చూడవచ్చు.

ముఖ్య ఘట్టాలు

1837: బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్.
1882: జగ్గయ్యపేట స్తూపాన్ని పరిశీలించిన బర్జెస్.
1892: భట్టిప్రోలు ధాతు కరండాల వెలికితీత.
1926: నాగార్జునకొండ అవశేషాల గుర్తింపు.
1966: నాగార్జునకొండ ద్వీప మ్యూజియం ప్రారంభం.
2001: ఫణిగిరిలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు మొదలు.
2011: ఫణిగిరి స్తంభ శాసన పాఠం ప్రకటన.
2024: ఫణిగిరిలో 3,730 సీసపు నాణేల లభ్యం.